సంసారం: సారమా, సరణమా?

సంసారం అన్న మాట గురించి ఒకరు "సం + సారం, మంచి సారం ఉన్నది కాబట్టే సంసారం" అన్నారు. వినడానికి బాగుంది, పెళ్లి ఉపన్యాసాలకు పనికొస్తుంది కూడా. వ్యుత్పత్తి, అంటే మాట పుట్టుక, మాత్రం అది కాదు.

ఈ మాటకు మూలమైన ధాతువు 'సృ'. కదలడం, సాగడం దాని అర్థం. దానికి ముందు 'సమ్' చేరింది. అనుసరణ, ప్రసారం, అవసరం, పరిసరం, చివరికి అభిసారిక కూడా ఆ ధాతువు సంతానమే. అంటే సంసారం మొదట ఇల్లు కాదు, ఆగకుండా సాగిపోయేది: చావుపుట్టుకల తిరుగుడు. బౌద్ధులకూ జైనులకూ అదే అర్థం. భజగోవిందంలో "పునరపి జననం పునరపి మరణం" శ్లోకంలోనే "ఇహ సంసారే బహుదుస్తారే" అని ఉంది. దుస్తారం అంటే దాటడం కష్టమైనది.

మరి ఆ చక్రం మన ఇంట్లోకెలా దూరింది? నాకు తోచింది చెబుతాను. సన్యాసి వదిలేసి పోయేది సంసారాన్ని, వదలనివాడు సంసారి. ఆ వదలనిదేమిటయ్యా అంటే, కంటికి కనిపించేవి ఆలుబిడ్డలూ ఇల్లూ. మాట అక్కడే పాతుకుపోయింది. ఆ తర్వాత మర్యాద కూడా సంపాదించుకుంది: "సంసారపక్షంగా ఉంది" అంటే మెప్పే కదా! వేదాంతి భయపడిన మాట మన నోట్లో మెప్పైంది.

తమాషా ఏమిటంటే, పాత అర్థం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ సంసారాన్ని 'ఈదుతున్నాం' అంటాం, 'గట్టెక్కాం' అంటాం. సంసారసాగరం అన్న రూపకం ఎవరికీ గుర్తులేకపోయినా క్రియలో సముద్రం అలాగే ఉండిపోయింది.

పక్క భాషల్లో ఇంకా చిత్రం. హిందీలో సంసార్ అంటే లోకం. మరాఠీ, బెంగాలీల్లో మనలాగే ఇల్లూవాకిలీ. తమిళ వాడుకలో భార్య. మలయాళంలో అయితే మాట్లాడటం! సంసారమంటేనే మాటామాటా అనుకున్నారేమో అని నవ్వుకోవచ్చు గానీ, దాన్ని వ్యుత్పత్తిగా పట్టుకోకండి.

ఇంకొకరు అడిగారు: "కాపురానికీ సంసారానికీ తేడా ఉందా అండీ?"

ఉందండీ. కొత్త జంట కాపురం పెడుతుంది, సంసారం పెట్టదు. అమ్మాయి వెళ్లేదీ కాపురానికే. కాపురానికి ముఖ్యం ఇద్దరు కలిసి ఒకచోట ఉండటం. సంసారంలో పిల్లలూ పెద్దలూ ఖర్చులూ బాధ్యతలూ అన్నీ వచ్చి చేరతాయి. అందుకే "ఆయనది పెద్ద సంసారం" అంటే ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్క తెలుస్తుంది. "పెద్ద కాపురం" అని చూడండి, నోరు తిరగదు.