పాత బట్టల రీసైక్లింగ్ ప్రాజెక్టుకి ఈయూ ఫండింగ్: ఇంటర్‌రెగ్ మంచిదా, ఐ3 మంచిదా?

నూలుపోగు:

అందరికీ నమస్కారం. నెదర్లాండ్స్‌లో ఎన్‌షెడే దగ్గర ఒక చిన్న కంపెనీలో మెకానికల్ ఇంజినీరుగా చేస్తున్నాను, మొత్తం కలిపి పదకొండు మందిమి. పాత బట్టల్ని చీల్చి మళ్ళీ దూదిగా మార్చేముందు వాటికున్న జిప్పులు, గుండీలు, రివెట్లు ఊడదీసే యంత్రం మాది. వినడానికి చిన్న పనిలా ఉంటుంది గానీ, ఒక్క జీన్స్ రివెట్ లోపలికి పోయిందంటే రోలర్ పళ్ళు విరుగుతాయి, ఒక్కోసారి నిప్పురవ్వ లేచి దూది అంటుకుంటుంది కూడా. పోయిన నెలలో అలాగే అయింది, ఆర్పాక చూస్తే కారణం బొటనవేలి గోరంత ఇత్తడి గుండీ.

2025 జనవరి 1 నుంచి ఈయూ దేశాల్లో పాత బట్టలు విడిగా సేకరించాలని రూల్ వచ్చింది కదా. గుట్టలు గుట్టలుగా వస్తున్నాయి, వాటితో ఏం చేయాలో ఎవరికీ తెలియట్లేదు. మా ప్రోటోటైప్ పనిచేస్తోంది, ఇప్పుడు నిజమైన సార్టింగ్ సెంటర్‌లో పెట్టి ఏడాదిపాటు నడిపి చూడాలి. మా ఓనర్ ఎక్కడో విని వచ్చాడు, రెండు మూడు ప్రాంతాలు కలిసి చేసే సర్క్యులర్ ఎకానమీ ప్రాజెక్టులకి ఈయూ బాగా డబ్బిస్తుందట, నువ్వు చూడు అని నా మీద పడేశాడు. నాలుగు రోజులుగా పోర్టల్‌లో పీడీఎఫ్‌లు చదువుతున్నాను, ఇంటర్‌రెగ్ నార్త్ వెస్ట్ యూరప్ (పక్క పక్క దేశాలవాళ్ళు కలిసి చేసే ప్రాజెక్టులకి డబ్బిచ్చే ప్రోగ్రాం), ఐ3, హొరైజన్ (పరిశోధనలకిచ్చే ఈయూ ఫండ్) అన్నీ కలిసిపోయి బుర్ర తిరుగుతోంది. మాలాంటి వాళ్ళకి ఏది సరిపోతుంది? లీడ్ పార్టనర్‌గా, అంటే అందరి తరఫునా ప్రాజెక్టు నడిపే సంస్థగా, మేమే ఉండాలా? ఇంకొకటి, పానిపట్‌లో నా క్లాస్‌మేట్ వాళ్ళది పాత ఉన్ని బట్టల నుంచి నూలు తీసే యూనిట్ ఉంది, వాళ్ళని పార్టనర్‌గా చేర్చుకోవచ్చా? ఒక కన్సల్టెంట్ మొత్తం అప్లికేషన్ రాసిపెడతానంటున్నాడు, వచ్చిన గ్రాంట్‌లో 8 శాతం అడుగుతున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

లీల్ రైలు:

నేను బెల్జియంలో ఒక ఇంటర్‌రెగ్ ప్రాజెక్టుకి నాలుగేళ్ళు ఫైనాన్స్ చూశాను, అందుకని డబ్బు సంగతి చెప్తాను, టెక్నాలజీ మీకే బాగా తెలుసు.

ముందు రెండింటి తేడా. ఐ3 అంటే ప్రాంతాల మధ్య ఇన్నొవేషన్ పెట్టుబడుల కోసం 2021-2027కి పెట్టిన ఫండ్, దాదాపు 57 కోట్ల యూరోలు. నేరుగా బ్రస్సెల్స్ నుంచి ఐస్మియా అనే ఏజెన్సీ నడుపుతుంది. మీ యంత్రం ఇప్పటికే ల్యాబ్ దశ దాటి ఉండాలి, మార్కెట్‌కి దగ్గరగా ఉండాలి, వాళ్ళ భాషలో టీఆర్‌ఎల్ (టెక్నాలజీ ఎంత సిద్ధంగా ఉందో చెప్పే 1 నుంచి 9 దాకా కొలత) 6 నుంచి 9. సాధారణంగా ఖర్చులో 70 శాతం ఇస్తారు, సంతకం కాగానే కొంత అడ్వాన్స్ కూడా వస్తుంది. వెనకబడిన ప్రాంతాల వాళ్ళు కలిస్తే బలం, ఉదాహరణకి పోర్చుగల్‌లో నార్టె, అక్కడ బట్టల పరిశ్రమ కూడా పెద్దదే. కానీ కన్సార్టియం, అంటే కలిసి చేసే సంస్థల గుంపు, పెద్దగా ఉంటుంది, పోటీ మొత్తం యూరప్ నుంచి.

ఇంటర్‌రెగ్ నార్త్ వెస్ట్ యూరప్ ఆఫీసు లీల్‌లో ఉంది. సర్క్యులర్ ఎకానమీ వాళ్ళ ప్రాధాన్యాల్లో ఒకటి. మీ రంగంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది, ఫైబర్‌సార్ట్ అని. బట్ట మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి అది నూలు బట్టా, ఉన్ని బట్టా, పాలియెస్టరా అని చెప్పే సార్టింగ్ యంత్రం, మీ దేశంలోనే వోర్మెర్‌వేర్‌లో నడిపి చూశారు. డచ్, బెల్జియం, బ్రిటన్ పార్టనర్లు కలిసి ఈ ఫండ్‌తోనే చేశారు, 2020లో ముగిసింది. దాని రిపోర్టులు చదవండి, మీరు తీసే గుండీల గురించి వాళ్ళూ తలపట్టుకున్నారని అర్థమవుతుంది.

ఇక అసలు విషయం. ఇక్కడ వాళ్ళిచ్చేది 60 శాతం, అదీ మీరు ఖర్చుపెట్టాక. అడ్వాన్స్ మీద ఆశ పెట్టుకోకండి. ఆరునెలల ఖర్చులు పోగేసి క్లెయిమ్ పెట్టాలి, మీ దేశపు కంట్రోలర్ ఒక్కో ఇన్వాయిస్ చూస్తాడు, తర్వాత అందరివీ లీడ్ పార్టనర్ కలిపి పంపాలి, డబ్బు లీడ్ పార్టనర్‌కి వచ్చి అక్కణ్ణుంచి మీకు రావాలి. అంటే మీ వాటా 2 లక్షల యూరోలు అనుకోండి, 80 వేలు మీ జేబులోంచి, మిగతా 1 లక్ష 20 వేలు కూడా ముందు మీరే పెట్టి తర్వాత వసూలు చేసుకోవాలి. మా ప్రాజెక్టులో ఒక చిన్న కంపెనీ మార్చిలో 60 వేల యూరోలు పెట్టి యంత్రం కొన్నది, డబ్బు చేతికొచ్చింది మరుసటి జనవరిలో. మధ్యలో వాళ్ళు జీతాలకి బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్నారు. ఆ వడ్డీ మాత్రం ఎవరూ ఇవ్వరు.

పైగా ఆ యంత్రానికి మూడు కొటేషన్లు ఫైల్లో లేవని కంట్రోలర్ సగం కోసేశాడు. ఆ కంపెనీవాళ్ళు కొటేషన్లు అడిగారు, కానీ ఫోన్లోనే అడిగారు, మెయిల్ లేదు. ఆ కంపెనీలో లెక్కలు చూసే అమ్మాయి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

చిన్న చిట్కాలు: జీతాలు నెలకి ఇంత శాతం ఈ ప్రాజెక్టు మీద అని ముందే కాగితం రాసిపెట్టుకుంటే టైమ్‌షీట్ల గొడవ ఉండదు. ఆఫీసు ఖర్చులు జీతాల మీద 15 శాతం చొప్పున లెక్కకట్టేస్తారు, కరెంటు బిల్లులు చూపించక్కర్లేదు. గోడ మీద ఏ3 సైజు పోస్టర్ ఈయూ జెండాతో మొదటి రోజే అంటించండి, నవ్వకండి, దాన్ని కూడా చూస్తారు.

రూర్ కుర్రోడు:

లీల్ రైలు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో పక్క నుంచి చెప్తా, కొంచెం కటువుగా ఉంటే ఏమనుకోకు బ్రదర్.

పదకొండు మంది కంపెనీ లీడ్ పార్టనర్ అవ్వడం అంటే ఒక మనిషి ఉద్యోగం మానేసి పార్టనర్లకి రిమైండర్లు పంపుతూ కూర్చోవడం. మీ ఓనర్ ఆ మనిషివి నువ్వే అనుకుంటున్నాడని నాకు అనుమానం. లీడ్ పని యూనివర్సిటీకో, ఒకే రంగం కంపెనీల్ని కలిపే క్లస్టర్ సంస్థకో వదిలెయ్, వాళ్ళకి దానికోసం మనుషులుంటారు. ఎన్‌షెడేలోనే సాక్సియన్ యూనివర్సిటీ ఉంది, బట్టల మీద పనిచేసేవాళ్ళు ఉన్నారు.

కన్సల్టెంట్ 8 శాతం గురించి. గెలిస్తేనే ఇవ్వాలనే ఫీజుని ప్రాజెక్టు ఖర్చులో చూపించలేవు, మీ సొంత డబ్బే. రాసేది అతనే అయినా మీ యంత్రం గంటకి ఎన్ని కిలోలు శుభ్రం చేస్తుంది, ఎంత శాతం గుండీలు మిగిలిపోతున్నాయి, ఇవన్నీ నువ్వే ఇవ్వాలి. అది ఇచ్చాక మిగిలేది ఫార్మాట్ మాత్రమే. నా మాట వింటే సంతకం చెయ్యొద్దు.

అసలు నువ్వు ఇల్లు వదిలి ఊరంతా వెతుకుతున్నావు. ఎన్‌షెడే నుంచి సైకిల్ తొక్కితే గ్రోనౌ వస్తుంది, అదేమో జర్మనీ. అక్కడ యూరెగియో ఆఫీసు ఉంది, 1958 నుంచి ఉంది, సరిహద్దుకి ఇటూ అటూ ఉన్న ఊళ్ళని కలిపి ప్రాజెక్టులు చేయించడమే వాళ్ళ పని. ఇంటర్‌రెగ్ డాయిచ్‌లాండ్-నెదర్లాండ్ అని వేరే ప్రోగ్రాం ఉంది, నార్త్ వెస్ట్ యూరప్‌తో కలిపి చూడకు. దానికి రెండు దేశాల పార్టనర్లు చాలు, ఒక డచ్, ఒక జర్మన్. మొన్షెన్‌గ్లాడ్‌బాఖ్ కూడా ఆ పరిధిలోకే వస్తుంది, అదీ ఒకప్పటి బట్టల మిల్లుల ఊరే, ఇప్పటికీ టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ చెప్పే కాలేజీ ఉంది. అప్లికేషన్ రాయకముందే వెళ్ళి కూర్చుని మాట్లాడొచ్చు, ఇది అర్హతకి వస్తుందా రాదా అని మొహం మీద చెప్తారు. ఎన్‌షెడే, గ్రోనౌ రెండూ ఒకప్పుడు మగ్గాల మీద బతికి, 60లు 70లలో మిల్లులు మూతపడి దెబ్బతిన్న ఊళ్ళు, పాత బట్ట నుంచి కొత్త నూలు అంటే అక్కడ ఎవరికీ మొదట్నుంచి వివరించక్కర్లేదు.

ఇంకోటి, డీ మినిమిస్ చూసుకో, అంటే ప్రభుత్వాలు ఒక కంపెనీకిచ్చే చిన్న సాయానికున్న పరిమితి. ఒక్కో సభ్య దేశం నుంచి మూడేళ్ళలో 3 లక్షల యూరోల దాకా అలా చిన్న సాయం తీసుకోవచ్చు, 2024కి ముందు 2 లక్షలే. మీ కంపెనీ ఏదైనా గ్రూపులో భాగమైతే గ్రూపు మొత్తానిదీ కలిపి లెక్కేస్తారు, అక్కడే చాలామంది బోల్తా పడతారు.

ప్రగతినగర్ పిల్ల:

పానిపట్ సంగతి నేను చెప్తాను, హైదరాబాద్‌లో ఉంటూ ఈయూ ప్రపోజల్స్ ఇండియా వైపు నుంచి చూస్తుంటాను.

ఇంటర్‌రెగ్‌లోగానీ ఐ3లోగానీ మీ క్లాస్‌మేట్ యూనిట్‌కి డబ్బు రాదు, అవి యూరప్ ప్రాంతాల కోసం పెట్టినవి. హొరైజన్‌లో ఇండియా సంస్థ చేరొచ్చు, కానీ మామూలుగా తన ఖర్చు తనే పెట్టుకోవాలి. చాలా దేశాలకి ఆటోమేటిగ్గా డబ్బొస్తుంది, ఆ లిస్టులో ఇండియా, చైనా, బ్రెజిల్ లేవు. కొన్ని విషయాల్లో ఈయూ, ఇండియా కలిసి దరఖాస్తులు పిలుస్తాయి, 2025 మేలో సముద్రంలో ప్లాస్టిక్ చెత్త, చెత్త నుంచి హైడ్రోజన్ అనే రెండింటికి అలా కాల్స్ వచ్చాయి, రెండు పక్కలా కలిపి 391 కోట్ల రూపాయలు. మన వాటా మన మంత్రిత్వ శాఖలే ఇస్తాయి. పాత బట్టలు వాటిలో లేవు.

కానీ వాళ్ళని వదిలెయ్యకండి. పార్టనర్ కాకపోయినా సలహాదారుగా పెట్టుకోవచ్చు. పానిపట్‌లో ఆడవాళ్ళు కత్తిపీట లాంటిది ముందు పెట్టుకుని కూర్చుని స్వెట్టర్ల జిప్పులు, గుండీలు చేత్తో కోసేస్తారు, రంగుల వారీగా గుట్టలు పోస్తారు. మీ యంత్రం ఆ చేతుల్తో పోటీపడాలి. ఒక మనిషి గంటకి ఎన్ని స్వెట్టర్లు కోస్తుందో మీ క్లాస్‌మేట్‌ని లెక్కపెట్టి పంపమనండి. ఆ అంకె మీ అప్లికేషన్‌లో ఉంటే చదివేవాడు ఆగుతాడు. యంత్రం వస్తే ఆ ఆడవాళ్ళ పని ఏమవుతుంది అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు, దానికి జవాబు నా దగ్గర లేదు, మీరైతే ఆలోచించుకుని ఉండండి.

లీల్ రైలు:

రూర్ కుర్రోడు గారూ, యూరెగియో నాకు తట్టనే లేదు, నార్త్ వెస్ట్‌లో పనిచేసి కళ్ళు అటే పోతాయి. ఒక్క మాట, అక్కడ కూడా డబ్బు ఖర్చు తర్వాతే, చిన్న ప్రోగ్రాం కదా అని మొత్తం ఇచ్చేస్తారనుకోవద్దు. సొంత వాటా ఉంటుంది. ప్రావిన్సులు, జర్మన్ రాష్ట్రాలు కొంత కలుపుతాయి గానీ అది ఎంతో ముందే అడగండి. ఇంకా 2021-2027 డబ్బు చివరికొస్తోంది, ఏ కాల్ తెరిచి ఉందో ఫోన్ చేసి కనుక్కోండి, వెబ్‌సైట్ నమ్మకండి. 2028 తర్వాత బడ్జెట్ మీద బ్రస్సెల్స్‌లో బేరాలు నడుస్తున్నాయి.

నూలుపోగు:

అందరికీ చాలా థ్యాంక్స్, నాలుగు రోజుల పీడీఎఫ్‌ల కంటే ఈ పేజీ ఎక్కువ పనికొచ్చింది. ఓనర్‌కి 80 వేలు ప్లస్ ముందు పెట్టాల్సిన 1 లక్ష 20 వేలు అని చెప్తే కాఫీ కప్పు కింద పెట్టేశాడు. కన్సల్టెంట్‌కి వద్దని రాసేశాం. గ్రోనౌకి ఫోన్ చేశాను, వచ్చే గురువారం రమ్మన్నారు, ప్రోటోటైప్ వీడియో పట్టుకుని రమ్మన్నారు. వాన లేకపోతే సైకిల్ మీదే వెళ్తా.

ప్రగతినగర్ పిల్ల గారూ, క్లాస్‌మేట్‌ని అడిగాను. వాళ్ళ అమ్మగారే ఫోన్ తీసుకుని, స్వెట్టర్ అయితే నిమిషంలో అయిపోతుంది, జీన్స్ అయితే మేం ముట్టుకోం అన్నారు. మా యంత్రం మొదట జీన్స్ మీదే నడపాలని అప్పుడు అనిపించింది.

రూర్ కుర్రోడు:

ఆ వీడియోలో గుండీ ఎగిరి కిటికీకి తగిలే క్లిప్ ఉంటే తీసెయ్. వెళ్ళొచ్చాక ఏమన్నారో ఇక్కడే రాయి.