నాన్నగారి సీటీ రిపోర్టులో "తుంటి ఎముకలో 9 మిల్లీమీటర్ల మచ్చ": పెట్ స్కాన్ అవసరమా?

ప్రశ్న:
మా నాన్నగారి వయసు 62 సంవత్సరాలు. మూత్రపిండంలో రాయి అనుమానంతో గత వారం కడుపుకు సీటీ స్కాన్ తీయించాము. రాయికి మందులిచ్చారు కానీ, రిపోర్టు చివర ఉన్న "కుడి ఇలియం ఎముకలో 9 మిల్లీమీటర్ల స్క్లిరోటిక్ లీజన్, బోన్ ఐలాండ్ కావచ్చు, క్లినికల్ కోరిలేషన్ అవసరం" అన్న వాక్యం మాకు నిద్ర లేకుండా చేస్తోంది. ఆయనకు నొప్పి లేదు, ఇంతకుముందు క్యాన్సర్ లేదు. యూరాలజిస్టుగారు పట్టించుకోవద్దన్నారు, బంధువొకరు వెంటనే పెట్ స్కాన్ (ఒళ్లంతా క్యాన్సర్ జాడ వెతికే స్కాన్) చేయించమంటున్నారు. దయచేసి తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (రేడియాలజీ వైద్యుడిని):
స్క్లిరోటిక్ అంటే చుట్టూ ఉన్న ఎముక కన్నా దట్టంగా, స్కాన్‌లో తెల్లగా ఉందని అర్థం. లీజన్ అంటే అక్కడ మామూలుకు భిన్నమైనదేదో కనబడిందని మాత్రమే, కణితి అని కాదు. ఎముక లోపలి గుల్ల భాగంలో, పైపొరలో ఉండవలసిన గట్టి ఎముక చిన్న ముద్దగా ఉండిపోతే దాన్ని బోన్ ఐలాండ్ అంటాము. అది హాని చేయదు. ఇక క్లినికల్ కోరిలేషన్ అంటారా, బొమ్మ చూసే మాకు మనిషి కనబడడు కనుక, ఆయన ఆరోగ్య చరిత్రతో కలిపి చూడమని వైద్యం చేసేవారికి చెప్పే మాట అది. మేము దాన్ని కాస్త అతిగానే వాడతామని ఒప్పుకుంటాను.

అయితే ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు కూడా మచ్చలు తెల్లగానే కనబడతాయి కాబట్టి, ఈ వయసు పురుషునిలో ఆ ప్రశ్న వేసుకోక తప్పదు. బోన్ ఐలాండ్ అంచుల నుంచి సన్నని ముళ్లలాంటి గీతలు బయలుదేరి చుట్టూ ఉన్న ఎముక పోగులలో కలిసిపోతాయి. సాంద్రత కూడా చాలా ఎక్కువ. సగటున 885, గరిష్ఠంగా 1060 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రతను కొలిచే ప్రమాణం) దాటితే బోన్ ఐలాండ్ వైపే మొగ్గవచ్చని 2016లో ఒక అధ్యయనం సూచించింది. కానీ చికిత్స పొందిన క్యాన్సర్ మచ్చలు కూడా గట్టిపడతాయి కనుక ఆ అంకె ఒక్కదానితో తీర్పు చెప్పకూడదు. వీటన్నిటికన్నా విలువైనది పాత స్కాన్. ఉంటే వెతకండి, ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష కూడా చేయించండి.

అడిగినవారు:
పీఎస్ఏ 1.4 వచ్చింది. 2019లో రాయి వచ్చినప్పటి సీటీ సీడీ బీరువాలో దొరికింది. అయితే ఆ రిపోర్టులో ఎముక ఊసే లేదండీ. అంటే ఈ మచ్చ కొత్తగా వచ్చినట్లేనా?

సమాధానం:
అలా అనుకోనక్కరలేదు. అప్పుడు రాసినవారు దాన్ని చెప్పదగ్గ విషయంగా భావించి ఉండకపోవచ్చు. పోల్చవలసింది బొమ్మలను, రిపోర్టులను కాదు. కడుపు సీటీ ఫిల్ములను సాధారణంగా మెత్తటి అవయవాలు బాగా కనబడేలా ముద్రిస్తారు, వాటిలో ఎముక లోపలి తేడాలు సరిగా తెలియవు. అందుకే సీడీనే స్కాన్ సెంటరుకు ఇచ్చి, పోల్చి అడెండం (రిపోర్టుకు అనుబంధం) రాయమని అడగండి. పాత స్కాన్ లేకపోయి ఉంటే, కొన్ని నెలల తరువాత మళ్లీ తీసి చూడమనేవాడిని. ఆరు నెలల్లో వ్యాసం నాలుగో వంతుకు మించి, లేదా ఏడాదిలో సగానికి మించి పెరిగితే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) గురించి ఆలోచించడం పాత సూత్రం. పాత క్యాన్సర్ ఉన్నా, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి ఉన్నా, మచ్చలు అనేకం ఉన్నా, పైపొర తెగినట్లున్నా అలా ఆగకూడదు. మీ విషయంలో అవేవీ లేవు, పీఎస్ఏ కూడా మామూలుగానే ఉంది. పెట్ స్కాన్‌తో ఇప్పుడు తొందర లేదు, అందులో ఇంకో మచ్చ ఏదైనా బయటపడితే ఇదే కథ మళ్లీ మొదలవుతుంది.

మరొకరు:
మా అమ్మగారి ఎమ్మారైలో వెన్నుపూసలో హిమాంజియోమా అని రాశారు. అదీ ఇలాంటిదేనా?

సమాధానం:
అది రక్తనాళాల ముద్ద, జాతి వేరు. సుమారు పది మందిలో ఒకరికి ఉంటుంది. నరాలను నొక్కకుండా, ఎమ్మారైలో తీసే టీ1, టీ2 అనే రెండు రకాల బొమ్మలలోనూ తెల్లగా ఉంటే సాధారణంగా ఏమీ చేయనక్కరలేదు.

అడిగినవారు:
సెంటరువారు పోల్చి చూశారు. 2019లోనూ అదే చోట, అదే కొలతలో ఉందని అడెండం ఇచ్చారు. ధన్యవాదాలండీ.

సమాధానం:
సంతోషం. ఆ అడెండం కాగితాన్నీ రెండు సీడీలనూ ఒకే కవరులో ఉంచండి. వచ్చేసారి ఇంకోచోట స్కాన్ తీయిస్తే వాళ్లూ ఇదే వాక్యం రాస్తారు.