థార్ ఇసుక దిబ్బల నెగటివ్: అంచు విడిపోవడం లేదు, ఎక్కడ దిద్దాలి?

పాతలెన్స్:

జైసల్మేర్ దగ్గర సమ్ దిబ్బల మీద తీసిన ఒక బ్లాక్ అండ్ వైట్ ఫ్రేమ్ గురించి సలహా కావాలి. వివరాలివి: యాషికా మ్యాట్ 124జీ (రెండు లెన్సుల టీఎల్ఆర్ కెమెరా), ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్మ్ ఐఎస్ఓ 125 దగ్గరే, ఆరెంజ్ ఫిల్టర్, ఎఫ్/11. ట్రైపాడ్ మోకాలి ఎత్తులో. డిసెంబర్ నెలాఖరు, ఉదయం 9.15, కెమెరా వాయవ్యం వైపు. కెమెరా మీదున్న మీటర్‌తో ఎండ పడ్డ ఇసుకనే కొలిచి, ఫిల్టర్‌కి 2 స్టాపులు (ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) కలిపాను. ఐడీ-11 డెవలపర్‌కి అంతే నీళ్లు కలిపి (1+1) 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు డెవలప్ చేశాను.

దిబ్బ అంచు కింద ఎడమ మూల నుంచి మెలికలు తిరిగి కుడివైపు పైకి వెళ్తుంది. కుడి అంచున ఒక జమ్మి చెట్టు. ఎడమ పక్క దూరంగా రెండు గాలిమరలు. ఆకాశం ఫ్రేమ్‌లో దాదాపు 40 శాతం. నెగటివ్ సైజులోనే తీసిన కాంటాక్ట్ షీట్‌లో ఇసుకంతా ఒకటే బూడిద రంగు, దిబ్బకు రెండు వైపులూ ఒకే టోన్. ముందున్న ఇసుక అలలు మెత్తగా ఉన్నాయి. ఆకాశం కింది భాగం ఇసుకలో కలిసిపోయింది.

రెండు ప్రశ్నలు. మళ్లీ తీసే వీలుంటే ఏం మార్చాలి? ఈ నెగటివ్ నుంచే 10×10 అంగుళాల ప్రింట్ తీయాలంటే ఎంతవరకు లాగొచ్చు?

ఒంటెదారి:

ముందు వెలుగు సంగతి. తక్కినవన్నీ దాని తరవాతే.

ఇసుక అంతటా ఒకే పదార్థం, ఒకే రంగు. కాబట్టి ఏ వాలుకు ఏ టోన్ వస్తుందన్నది ఆ వాలు సూర్యుడికి ఎంత ఎదురుగా ఉందన్న దాన్నిబట్టే. అక్కడ బలమైన గాలి ఎండాకాలపు నైరుతి గాలి. అందుకని దిబ్బల నిటారు ముఖం ఎక్కువగా ఈశాన్యానికి తిరిగి ఉంటుంది, వాలు 32-34 డిగ్రీలు. గాలి ఎక్కి వచ్చే నైరుతి వైపు వాలు బాగా తక్కువ. అంటే అంచు రేఖ సుమారుగా ఆగ్నేయం నుంచి వాయవ్యానికి సాగుతుంది.

డిసెంబర్ చివర్లో అక్కడ సూర్యోదయం 7.30 ప్రాంతంలో, అదీ సరిగ్గా తూర్పున కాదు, ఆగ్నేయానికి బాగా జరిగి. 9.15కి సూర్యుడు అంచు రేఖ వెంబడే చూస్తున్నాడన్నమాట. రెండు ముఖాల మీదా దాదాపు సమానంగా పడుతుంది. లెక్క కడితే తేడా పావు స్టాప్ కూడా రాదు. పైగా మీరు వాయవ్యానికి తిరిగారు, ఎండ సూటిగా మీ వీపు వెనక. అంచు విడిపోకపోవడానికి కారణం ఇదే. ఫిల్మ్‌నీ డెవలపర్‌నీ అనుమానించక్కర్లేదు.

అదే చోట, అదే దిశలో సాయంత్రం తీసి చూడండి. సూర్యుడు పశ్చిమ నైరుతికి దిగుతాడు. నిటారు ముఖం నాలుగు గంటలకే పూర్తిగా నీడలోకి వెళ్తుంది, నైరుతి వాలు వెలుగులోనే ఉంటుంది. ఒకటి తెలుపు, ఒకటి ముదురు, మధ్యలో కత్తి అంచులా గీత. అస్తమయం 6 ప్రాంతంలో కాబట్టి 4.30 నుంచి 5.30 మధ్య పని కానివ్వాలి.

అలల గీతలకూ ఎండ ఏటవాలుగా ఉండాలి. సూర్యుడు 11 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, అంటే అక్కడ ఆ రోజుల్లో ఉదయించిన గంటకి లేదా అస్తమయానికి గంట ముందు, అల ఎత్తుకు ఐదింతల నీడ పడుతుంది. రెండు గంటల దూరంలో 21 డిగ్రీలు దాటి, నీడ రెండున్నర ఇంతలకు తగ్గిపోతుంది.

కూర్పు విషయానికొస్తే, ఆ ఆకాశంలో మబ్బు తునక లేదు. అలాంటప్పుడు 40 శాతం ఎందుకు? పాతిక శాతానికి మించనివ్వకండి. అంచు రేఖ సరిగ్గా మూలలోంచి బయల్దేరకూడదు. కింది అంచు మీద మూలకు కొంచెం పక్కగా మొదలవ్వాలి, లేకపోతే చూపు మూలలోంచి జారిపోతుంది. రేఖ పైన ఫ్రేమ్ దాటిపోకుండా లోపలే ఎక్కడో మలుపు తిరిగి దాక్కోవాలి. జమ్మి చెట్టు దిబ్బ ఎంత పెద్దదో చూపడానికి పనికొస్తుంది, కానీ ఫ్రేమ్ అంచుకు ఆనితే కాదు. చుట్టూ కనీసం చెట్టు వెడల్పంత ఖాళీ ఇవ్వండి, లేదా పూర్తిగా తీసేయండి. దిబ్బల మీద జిల్లేడు పొదలూ ఉంటాయి, ముందుభాగంలో ఆ పనికి అవి ఇంకా మేలు. గాలిమరలకైతే నాలుగడుగులు పక్కకు జరిగి దిబ్బ వెనక దాచడం తప్ప వేరే దారి లేదు.

ఎర్రబల్బు:

ఒంటెదారి గారు చెప్పిన వెలుగు లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ సమ్‌లో సాయంత్రం అంటే జీపులు, ఒంటెలు, మనుషులు. 5 గంటలకు దిబ్బ మీద అడుగుజాడ లేని చోటు దొరకదు. పొద్దున్నే అయితే రాత్రి గాలికి జాడలు చాలావరకు పూడిపోయి ఉంటాయి. సాయంత్రమే కావాలంటే ఖూరీ వైపు వెళ్లండి, లేదా సమ్ గుడారాల నుంచి బాగా లోపలికి నడవండి. నేషనల్ పార్క్ హద్దులోకి మాత్రం అనుమతి లేకుండా బండి తిప్పొద్దు, అది బట్టమేక పిట్ట ఉండే చోటు. మీ అడుగులు కూడా చూసుకోండి. దిబ్బను చుట్టి వెనక నుంచి రావాలి. అంచు మీద ఒక్కసారి నడిస్తే ఆ పూటకి ఆ అంచు పోయినట్టే.

ఇక ఫోకస్. 80 ఎంఎం లెన్స్, 6×6 సెం.మీ. నెగటివ్, ఎఫ్/11, మోకాలి ఎత్తు అంటే ముందరి అలలు కెమెరాకి మీటరు, మీటరున్నర దూరంలోకి వచ్చేస్తాయి. దూరపు దిబ్బ కూడా స్పష్టంగా ఉండాలంటే ఎఫ్/22 దగ్గర కూడా అది కుదరదు. ఎఫ్/22 పెట్టి 5.3 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు 2.65 మీటర్ల నుంచి అనంతం దాకా పనికొస్తుంది. కెమెరాను మీటరున్నర ఎత్తుకు లేపి, దిగంతం పై పాతిక దగ్గరికి వచ్చేలా సుమారు 10 డిగ్రీలు కిందికి వంచండి. చదునైన నేల మీద ఫ్రేమ్ కింది అంచు కెమెరా కింద నుంచి 2.7 మీటర్ల దగ్గర పడుతుంది. లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి. నేలకు ఆనించి తీస్తేనే ల్యాండ్‌స్కేప్ అనుకోవడం వైడ్ లెన్స్ వాళ్ల అలవాటు, టీఎల్ఆర్‌కు అది నప్పదు.

మీటరింగ్. మీటర్ దేన్ని చూసినా మధ్య బూడిద అనుకుంటుంది. ఎండ పడ్డ ఇసుకను కొలిచి అదే ఇస్తే ఇసుక మధ్య బూడిదగానే వస్తుంది. దాని మీద 1 నుంచి 1.5 స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. సాయంత్రం అంచు విడిపోయే వెలుగులో అయితే చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటర్‌తో నీడ ముఖాన్ని కొలిచి, దానికన్నా 2 స్టాపులు తగ్గించండి. నీడలో అలలు కనబడేంత వివరం నిలుస్తుంది. తరవాత వెలుగు వాలును కొలిచి ఎక్కడ పడిందో చూసుకోండి. మధ్య బూడిదకు రెండు స్టాపులు పైన ఉంటే మామూలు డెవలప్‌మెంట్. ఒకటే ఉంటే డెవలప్‌మెంట్ 20-25 శాతం పెంచండి, అంటే మీ 11 నిమిషాలు 13.5 అవుతాయి.

ఆరెంజ్ ఫిల్టర్ గురించి చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఎడారిలో నీడకు వెలుగిచ్చేది నీలాకాశం. ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్ ఆ నీడనూ అంతే ముదురు చేస్తుంది, బంగారు రంగు ఇసుకను మాత్రం పెద్దగా తాకదు. అందుకే నీడలను కొలిచి తీసేటప్పుడు 2 స్టాపులు కాదు, రెండున్నర కలపండి. రెడ్ 25 అయితే పైకి లెక్క 3 స్టాపులే, నీడ మాత్రం అంతకన్నా లోతుకు పోతుంది. సాయంత్రపు వెలుగుకు నాకైతే పసుపు ఫిల్టర్, 1 స్టాప్, చాలు.

దిగంతం దగ్గర ఆకాశం ఇసుకలో కలిసిపోయిందన్నారు. అక్కడ ఉన్నది నీలం కాదు, దుమ్ము. తెల్లటి దుమ్ము మీద ఏ రంగు ఫిల్టరూ పనిచేయదు. కాబట్టి ఆకాశాన్ని ఆనుకుని ఉన్న దిబ్బ ముఖమే ముదురుగా ఉండాలి.

భీమిలి_120:

చిన్న చేర్పు. ఈ ఫిల్టర్ లెక్కలు పట్టుకుని మన భీమిలి ఎర్రమట్టి దిబ్బల మీద అభ్యాసం చేద్దామనుకునేవాళ్లకి: అక్కడ రెడ్ ఫిల్టర్ పెడితే ఎర్రమట్టి సుద్దలా తెల్లబడి గీతలన్నీ పోతాయి. అక్కడ పసుపు-ఆకుపచ్చ ఫిల్టరే నయం. థార్ ఇసుక లేత రంగు కాబట్టి అంత తేడా కనబడదు.

ఎఫ్/22, పసుపు ఫిల్టర్, తగ్గుతున్న ఎండ అంటే షటర్ 1/8, 1/4 దాకా పోతుంది. అర సెకను లోపు ఎఫ్‌పీ4కి సమయం సవరించక్కర్లేదు. ట్రైపాడ్ సంగతే చూసుకోవాలి. ఇసుకలో కాళ్లు మెల్లగా దిగుతాయి. కాళ్లు బాగా వెడల్పు చేసి, గట్టిగా కిందికి నొక్కి, అర నిమిషం ఆగి మళ్లీ ఫ్రేమ్ చూసుకోండి. ఒక్కో కాలి కింద పాత సీడీ వేసినా సరే.

పాతలెన్స్:

చాలా థాంక్స్. దిశ లెక్క నాకు అసలు తట్టలేదు. ఇప్పుడు ఉన్న నెగటివ్ సంగతి చెప్పండి. మల్టీగ్రేడ్ ఆర్‌సీ పేపరు (ప్లాస్టిక్ పూత ఉన్నది), కాంట్రాస్ట్ మార్చే ఫిల్టర్ల సెట్టు ఉన్నాయి. ఇంకోటి, ఆకాశంలో నిలువునా సన్నటి గీత ఒకటి పై నుంచి కింది దాకా ఉంది. ల్యాబ్‌లో పడిందా, కెమెరాలోనా?

ఎర్రబల్బు:

గీత ముందు. టీఎల్ఆర్‌లో ఫిల్మ్ కింది నుంచి పైకి నడుస్తుంది. కాబట్టి ఫిల్మ్‌ను వెనక నుంచి నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ దగ్గర ఇసుక రేణువు ఇరుక్కుంటే గీత బొమ్మలో నిలువుగా పడుతుంది. పక్క ఫ్రేముల్లో కూడా అదే చోట ఉంటే అనుమానమే లేదు. గీత నిగనిగలాడే బేస్ వైపు ఉంటే, ముక్కు పక్కనుండే జిడ్డు వేలితో అతి పల్చగా రాసి ప్రింట్ చేయండి. పాత చిట్కానే కానీ ఎన్‌లార్జర్ కింద గీత దాదాపు కనబడదు. తరవాత నెగటివ్ తుడిచేయాలి. బొమ్మ పడే ఎమల్షన్ వైపు ఉంటే ప్రింట్ మీదే చేత్తో దిద్దుకోవడం తప్పదు. ఇక మీదట రోల్ మార్చేది అద్దాలు ఎత్తిన కారులో మాత్రమే. మార్చే ముందు వెనక తలుపు తెరిచి, కెమెరాను బోర్లించి బ్లోయర్‌తో కొట్టండి. నోటితో ఊదొద్దు, తడికి రేణువు అక్కడే అతుక్కుంటుంది.

ప్రింట్. మొదట క్రాప్. పై నుంచి ఆకాశం, కుడి నుంచి చెట్టు తీసేస్తే చతురస్రం చతురస్రంగానే మిగులుతుంది. ఎడమ పక్క గాలిమరలు మిగులుతాయి. అవి ప్రింట్‌లో మిల్లీమీటర్ల పరిమాణమే కాబట్టి స్పాటింగ్‌తో (సన్నటి కుంచెతో రంగు అద్ది దిద్దడంతో) పోతాయి. నెగటివ్‌లో 56 ఎంఎంకి 42 వాడినా 10×10కి పెద్దది చేయడం ఆరింతలే. ఎఫ్‌పీ4 గ్రెయిన్‌కు అది లెక్కలోకి రాదు.

నెగటివ్ చప్పగా ఉంది, లోతైన నీడలు లేవు. కాంట్రాస్ట్ బాగా పెంచే గ్రేడ్ 4 ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. 3½ దాకా ఫిల్టర్లకు ఎక్స్‌పోజర్ ఒకటే, 4 నుంచి రెట్టింపు కావాలి. 3తో 10 సెకన్లు సరిపోతే 4తో 20. టెస్ట్ స్ట్రిప్ ఆకాశం మీద కాదు, దిబ్బ అంచుకు అడ్డంగా, రెండు ముఖాలూ వచ్చేలా వేయండి. అత్యంత తెల్లటి ఇసుకలో అల గీత ఇంకా కనబడుతున్న సమయమే మీ అసలు సమయం. తడిలో చూసి నిర్ణయించొద్దు, ఆరాక కొంచెం ముదురుతుంది. ఆర్‌సీలో ఆ తేడా తక్కువ, ఫైబర్ పేపరులో ఎక్కువ.

ఆకాశానికి బర్న్ కావాలి, అంటే అక్కడికి అదనంగా వెలుగిచ్చి ముదురు చేయాలి. మామూలు అట్టతో చేస్తే దిబ్బ అంచు పొడవునా నల్లటి పట్టీ పడుతుంది, చూసినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అట్టను లెన్స్‌కీ, పేపరు పెట్టే ఈజిల్‌కీ సగం ఎత్తులో పట్టుకుని, దాని మీద పడ్డ దిబ్బ రేఖను పెన్సిల్‌తో గీసి ఆ ఆకారంలో కత్తిరించండి. బర్న్ చేసేటప్పుడు అదే ఎత్తులో పట్టుకుని ఒక సెంటీమీటరు పైకీ కిందికీ కదుపుతూ ఉండాలి. అసలు 20 సెకన్లయితే ఆకాశానికి ఇంకో 8-10, పై అంచుకు మాత్రం మరో 4.

రెండు ముఖాలూ ఒకే టోన్ కదా, ఈశాన్య ముఖాన్ని బర్న్ చేసి నీడ సృష్టిద్దామనుకోవద్దు. అలల గీతల్లో నీడలు ఒక దిక్కు చెబుతుంటే దిబ్బ ఇంకో దిక్కు చెబుతుంది, బొమ్మ అబద్ధంగా కనబడుతుంది. 2-3 సెకన్లు ముదురు చేస్తే చాలు.

ఒంటెదారి:

ఆఖరి మాటతో నాకు కొంచెం తేడా ఉంది. 2-3 సెకన్లతో ఆ అంచు విడిపోదు, 10×10 మీద అది బూడిద రంగు దిబ్బగానే ఉంటుంది. నేనైతే అంచును వదిలేసి, మధ్యలో అలలు స్పష్టంగా ఉన్న చోట ఆకాశం అసలు లేకుండా క్రాప్ చేస్తాను. ముందరి మెత్తదనం కూడా దాంతో పోతుంది. 30×30 ఎంఎం ముక్క మిగిలినా ఎనిమిదిన్నర ఇంతలే.

స్కాన్ చేసేవాళ్లకు రెండు మాటలు: ఇది వెండి ఫిల్మ్ కాబట్టి స్కానర్‌లోని ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు ఆపేయండి, లేకపోతే వెండి రేణువులనే దుమ్మనుకుని ఇసుకను అలికేస్తుంది. 16 బిట్‌లో, ఆటో లెవెల్స్ లేకుండా చప్పగా స్కాన్ చేసి, కాంట్రాస్ట్ కర్వ్‌తో పెంచండి. క్లారిటీ స్లయిడర్ జోలికి పోతే దిబ్బ అంచున తెల్ల గీత వస్తుంది.

డెవలప్‌మెంట్‌కు ఒక హెచ్చరిక. మళ్లీ తీసుకొచ్చిన రోల్ హైదరాబాద్‌లో మే నెలలో కడిగితే కుళాయి నీళ్లే 30 దాటి ఉంటాయి. గడ్డకట్టిన నీళ్ల సీసా వేసిన టబ్బులో ట్యాంకు, సీసాలు అన్నీ ఉంచి 20కి దింపండి. 24 దగ్గరే ఆగిపోతే 11 నిమిషాలు 8 చుట్టూ వస్తాయి. ఖాళీ ఆకాశం, నున్నటి ఇసుక ఉన్న ఫ్రేములో ట్యాంకు తిప్పడంలో తేడా చారలుగా బయటపడుతుంది. మొదటి 10 సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయండి, తరవాత ప్రతి నిమిషం మొదట్లో అంతే. తలకిందులు చేసిన ప్రతిసారీ చివర్లో ట్యాంకును ఒక్కసారి బల్లకేసి తట్టండి, బుడగలు పోతాయి.