అప్‌డేట్: నాన్న ట్రంకు పెట్టెలోని ఫోటో 1971 యుద్ధానిదే

సైన్యంలో పనిచేసిన నాన్న పోయాక ట్రంకు పెట్టెలో దొరికిన ఫోటో ఏ యుద్ధం నాటిదో ఎలా తెలుసుకోవాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. అందులో నాన్న నది ఒడ్డున, సగం వేసిన వంతెన పక్కన నిలబడి ఉన్నారు. అమ్మేమో 1965 యుద్ధం అంటుంది.

మీరు చెప్పినట్టే ముందు నాన్న డిశ్చార్జి బుక్ (సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) తీశాను. భర్తీ అయింది 1967లో, బెంగళూరు మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో (సైన్యంలో వంతెనలు, రోడ్లు వేసే విభాగం). అంటే 1965 కుదరదు. మెడల్స్ పేజీలో ‘పూర్వీ స్టార్’ అని ఉంది. అది 1971లో తూర్పు వైపు, అంటే బంగ్లాదేశ్ యుద్ధంలో పనిచేసిన వాళ్లకిచ్చింది. పశ్చిమం వాళ్లకు ‘పశ్చిమీ స్టార్’.

1971 యుద్ధానికే ఇచ్చిన ఇంకో పతకం, సంగ్రామ్ మెడల్‌ను మెత్తటి గుడ్డతో తుడిచి, అంచును కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. సన్నటి అక్షరాల్లో నాన్న నంబరు, పేరు! వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుండిపోయాను.

ఏ యూనిట్‌తో, ఏ నది దగ్గర ఉన్నారో ఇంకా తెలియాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి, బెంగళూరు రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం రాశాను. సర్వీస్ నంబరు లేకుండా మాత్రం రాయకండి, వెతకడం కష్టం. ఫోటో ఇప్పుడు అమ్మ మంచం పక్కనే ఉంది.