శోధన (పాపం వైపు లాగే ప్రేరేపణ) వెసులుబాటులా వచ్చినప్పుడు మీరు ఎలా గుర్తించారు? (చర్చ)

నరసాపురం యువ విశ్వాసి
అందరికీ ప్రభువు నామమున వందనములు. మా సంఘంలో యౌవనస్థుల కూడికను నడిపేవారిలో నేనొకడిని. ఫోనులో క్రికెట్ జట్టును కూర్చుకొనే ఆటతో మొదలుపెట్టి పందేల దాకా వెళ్లిన ఇద్దరు కుర్రవాళ్లతో ఈ మధ్య మాట్లాడాను. మొదట రుసుము లేని పోటీ, తరువాత ఒక టీ ఖర్చుపాటి రుసుము, ఆ తరువాత పోయినది రాబట్టుకోవడానికి అప్పు. ఏ మెట్టు దగ్గరా పాపంలోకి దిగుతున్నామని తమకు తోచలేదని ఇద్దరూ అన్నారు. డబ్బు పెట్టి ఆడే ఇటువంటి ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. అయితే రుసుము లేని ఆ మొదటి పోటీ ఏ చట్టానికీ చిక్కేది కాదు. అటువంటి మొదటి అడుగును మీరు గాని, మీ సంఘంవారు గాని ఎలా పసిగట్టారో చెబితే శనివారం కూడికలో పంచుకుంటాను.

ఒంగోలు విశ్రాంత ఉపాధ్యాయుడు
బాబూ, మీ కుర్రవాళ్ల చేత ఆదికాండము 13 నుండి 19 వరకు, అబ్రాము సహోదరుని కుమారుడైన లోతు నడిచిన దారిని ఒకే కూర్చుంటలో చదివించండి. పదమూడవ అధ్యాయంలో అతడు నీళ్లు పారే యొర్దాను మైదానాన్ని కన్నులెత్తి చూశాడు, దుష్టత్వానికి పేరుపడిన సొదొమ పట్టణం వైపుగా గుడారం వేసుకున్నాడు. పద్నాలుగుకు వచ్చేసరికి సొదొమలోనే కాపురం. పంతొమ్మిదిలో ఊరి గవిని (ద్వారం) యొద్ద, అంటే పెద్దమనుషులు కూర్చునే చోట, కూర్చుని ఉన్నాడు. మధ్యలో రాజులు అతణ్ణి చెరపట్టుకుపోగా అబ్రాము విడిపించి తెచ్చాడు. అంతటి హెచ్చరిక తరువాత కూడా అతడు కనబడేది సొదొమలోనే. లోతును దుష్టుడిగా బోధించి మనం సులువుగా తప్పించుకుంటాం గాని, రెండవ పేతురు పత్రిక అతణ్ణి నీతిమంతుడనే పిలుస్తుంది, ఆ ఊరి క్రియలను చూసి అతని మనస్సు నొచ్చుకునేదని కూడా చెబుతుంది. మనస్సు నొచ్చుకుంటూనే అక్కడ ఉండిపోవచ్చునన్నది నన్ను భయపెట్టే సంగతి. ఆ ఊరి మీదికి దేవుని తీర్పు వస్తుందని లోతు చెప్పినప్పుడు అతని అల్లుళ్లు ఎగతాళి అనుకున్నారు, అతడే తడవు చేస్తుంటే దూతలు చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చారు. అబ్రాము గుడారం మార్చిన చోట బలిపీఠం కట్టిన మాట ఉంది, లోతు కట్టినట్టు ఎక్కడా లేదు. అందుచేత నేను పిల్లలను “ఇది పాపమా?” అని అడగను, “నీ గుడారం గుమ్మం ఎటు తిరిగి ఉంది?” అని అడుగుతాను.

సంఘ కోశాధికారి, పశ్చిమ గోదావరి
మాస్టారి మాటకు మా అనుభవం ఒకటి జోడిస్తాను. ఆదివారం కానుకల డబ్బు సోమవారం బ్యాంకు తెరిచేదాకా కోశాధికారి ఇంటి బీరువాలో ఉండడం చాలా సంఘాల్లో మామూలే. నాకు ముందు ఆ పని చేసినాయన ఒకసారి కూతురి ఫీజుకు అందులోంచి చేబదులు తీసుకుని వారం తిరగకముందే పూర్తిగా పెట్టేశారు. నిజాయితీగా తిరిగి పెట్టడమే ఆయనకు ముప్పు తెచ్చింది, ఎందుకంటే రెండోసారి తీసుకునేటప్పుడు మనస్సాక్షి అడ్డం రాలేదు. కొన్నాళ్లకు లెక్క ఎక్కడ తప్పిందో ఆయనకే తెలియలేదు. ఇప్పుడు ఆరాధన అయిన వెంటనే, ఒక ఇంటివారు కాని ఇద్దరు, మందిరంలోనే బల్ల మీద నోట్లు రకాలవారీగా పేర్చి లెక్కపెడతారు, పుస్తకంలో ఇద్దరూ సంతకం చేస్తారు, పాస్టరు అయ్యగారు ఆ డబ్బును ముట్టుకోరు. యెరూషలేము పరిశుద్ధుల, అంటే అక్కడి విశ్వాసుల, కొరకు పోగైన చందాను అపొస్తలుడైన పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు, తీతుతో పాటు ఇతర సహోదరులను కూడా పంపాడు (2 కొరింథీ 8). అది అనుమానం కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చే శోధనకు ముందే వేసిన గడియ.

ఫిరంగిపురం కతోలికుడు
మా సంప్రదాయంలో, యేసు సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ ఈ విషయాన్ని ఎంతో నిశితంగా పరిశీలించారు. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి మంచాన పడినప్పుడు, వీరుల కథల ఊహలు అప్పటికి ఆనందమిచ్చి తరువాత మనస్సును ఎండగడుతున్నాయనీ, క్రీస్తునూ పునీతులనూ తలచుకున్నప్పటి సంతోషం నిలిచి ఉంటోందనీ ఆయన గమనించారు. ఆయన వ్రాసిన నియమాల ప్రకారం ఒక తలంపు మొదలును మాత్రమే చూస్తే చాలదు, నడుమనూ చివరనూ కూడా చూడాలి. భక్తిగల మనిషికి శత్రువు మంచి తలంపుతోనే వచ్చి కొంచెం కొంచెంగా తన దారికి తిప్పుకుంటాడు. శత్రువు తన మాట రహస్యంగా ఉండాలని కోరతాడనీ, గురువుకు గాని వివేకం గల మరొకరికి గాని చెప్పుకోగానే అతని పన్నాగం చెడుతుందనీ కూడా ఆయన అన్నారు. రాత్రి పడుకునే ముందు ఆ రోజును గంటగంటగా వెనక్కి చూసుకునే ఆత్మపరిశీలన మా ఇంట్లో పెద్దలకు అలవాటు. ఎక్కడ శాంతి పోయిందో ఆ గంట దగ్గర ఆగుతాం.

కోనసీమ సోదరి, కువైట్
శోధన ప్రార్థన రూపంలో కూడా వస్తుంది, బ్రదర్. ఇక్కడ ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ఆదివారం సెలవు దొరకదు గనుక ఫోనులో వచ్చే వాక్యమే ఆధారం. నాకు తెలిసిన ఒకామెకు ఒక బోధకుడు వాట్సాప్‌లో మొదట ఉచితంగా ప్రార్థన చేశాడు. తరువాత ఆమె ఇంటి సంగతి ఒకటి ప్రవచనంగా చెప్పాడు, అది నిజమే అయింది. ఆ పిమ్మట విత్తన కానుక, అంటే ఆశీర్వాదం పండుతుందని చెప్పి ముందుగా ఇమ్మనే డబ్బు, అడిగాడు. చివరికి, ఇంటికి పంపవలసిన జీతం ఆపి తనకే పంపాలని, భర్తకు చెబితే ఆశీర్వాదం పోతుందని చెప్పాడు. ప్రవచనం నెరవేరింది కదా అని ఆమె వాదించేది. ద్వితీయోపదేశకాండము 13 తెరిచి చూపించాను: సూచన నెరవేరినా, ఆ ప్రవక్త దేవుని ఆజ్ఞనుండి తొలగించే మాట చెబితే వినకూడదని అక్కడ ఉంది. ఇంటివారికి చెప్పవద్దన్న మాట దగ్గరే ఆమెకు కళ్లు తెరుచుకున్నాయి.

హైదరాబాద్ పాఠకురాలు
పై మాటలన్నీ ఒప్పుకుంటూనే ఒకటి చెప్పాలనిపిస్తోంది. ప్రతి తలంపునూ శత్రువు పనే అనుకుని, టీవీ చూసినా, నవ్వినా నేరం చేసినట్టు నలిగిపోయే విశ్వాసులు మా హాస్టల్లో ఉన్నారు. దురాశ గర్భము ధరించి పాపమును కంటుందని యాకోబు వ్రాశాడు; అంటే తలంపు తలుపు తట్టడం వేరు, దాన్ని కూర్చోబెట్టి మర్యాద చేయడం వేరు. ప్రభువు కూడా సమస్త విషయములలో శోధింపబడ్డాడు, అయినా పాపము లేనివాడు. ఈ తేడా చెప్పకుండా జాగ్రత్త ఒక్కటే నేర్పితే పిల్లలు తమ శోధనలను మన దగ్గరే దాచడం మొదలుపెడతారు.

ఒంగోలు విశ్రాంత ఉపాధ్యాయుడు
నిజమే తల్లీ. నా ప్రశ్నను కూడా మెత్తగా అడగాలి, బెత్తం పట్టుకుని కాదు.

నరసాపురం యువ విశ్వాసి
ఒక ఇబ్బంది మిగిలింది. మాది చిన్న ఊరు, సంఘంలో సగం మంది ఒకరికొకరు చుట్టాలే. ఫలానా అబ్బాయి పందేలు ఆడాడని అయ్యగారికి చెబితే సాయంత్రానికి వాళ్ల మేనత్తకు తెలుస్తుంది. ఇక ఎవరికి చెప్పుకుంటారు?

సంఘ కోశాధికారి, పశ్చిమ గోదావరి
మేము పొరుగు మండలంలోని సంఘం నుండి ఒక పెద్దాయనను ఏర్పాటు చేసుకున్నాం. మా కుర్రవాళ్లు ఆయన దగ్గరికి వెళ్తారు, వాళ్ల కుర్రవాళ్లు మా దగ్గరికి వస్తారు. ఆయనకు మా ఊళ్లో చుట్టాలు లేరు, మా సంఘపు ఎన్నికలతో పని లేదు. ఫోను మధ్యవర్తిత్వం పెట్టకండి, బస్సెక్కి వెళ్లి ఎదురుగా కూర్చునే చెప్పమనండి. అప్పు ఉంటే ఎంత ఉందో కాగితం మీద వ్రాసి తీసుకువెళ్లమనండి. మాటల్లో అయితే సగమే చెబుతారు.