సమస్యాపూరణం: ఆటగాఁడె యోడె నంగి గెలిచె

నాగావళి (శ్రీకాకుళం):

మిత్రులందరికీ నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాయాలి:

ఆటగాఁడె యోడె నంగి గెలిచె

మూడో పాదం ద్రుతంతో, అంటే ‘న్’తో, ముగిస్తే ‘నాటగాఁడె’ అని కలుపుకోండి, యతికి ఇబ్బంది లేదు. మన వైపు చొక్కా అనే అంటాం. ‘అంగి’ వచ్చింది యతి కోసమే.

ఈ పాదం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మొన్న సాయంత్రం కోడి రామ్మూర్తి స్టేడియం వైపు నడకకి వెళ్తే కుర్రాళ్లు కబడ్డీ ఆడుతున్నారు. ఒక జట్టు రొమ్ము మీద చిట్టీల కంపెనీ పేరు, రెండో జట్టు రొమ్ము మీద ఇళ్ల స్థలాల వ్యాపారి పేరు. "ఏ ఊరు బాబూ మీది?" అన్నాను. ఆ పిల్లాడు నోటితో చెప్పకుండా వెనక్కి తిరిగి వీపు చూపించాడు, ఊరి పేరు అక్కడ ఉంటుందనుకుని. అక్కడ ఒక కోచింగ్ సెంటర్ ఫోన్ నంబరుంది. చొక్కాలు అప్పుడే పంచారట, వాడింకా చూసుకోలేదు. కలియుగ భీముడని పిలిపించుకున్న వీరఘట్టం మనిషి పేరున్న మైదానం అది. ఇంటికొచ్చాక కూడా ఆ వీపు కళ్లలోంచి పోలేదు. పూరించండి.

చీపురుపల్లి:

మొదటి పూరణ నాది, మాస్టారూ.

ఱొమ్ముమీఁద పేరు రోజంత టీవిలోఁ
గనుల నాటుకొనియెఁ గంపెనీకి;
కప్పు చేయి జాఱెఁ గాసులే రాలఁగా
నాటగాఁడె యోడె నంగి గెలిచె.

జట్టు ఓడినా చొక్కా మీది పేరు రోజంతా తెర మీద ఉంటుంది. ఆ కంపెనీకి ఓటమి లేదు, అదీ భావం.

నాగావళి:

సూటిగా ఉంది. సమస్యలోని వైరుధ్యం మూడో పాదానికే విడిపోయింది. ‘కనుల నాటుకొనియె’ మంచి మాట, ప్రకటన పని అదే కదా.

గజపతినగరం:

చిన్న సందేహం. ఱొమ్ములో బండి ఱ, రోజులో మామూలు ర. పాత లాక్షణికులు ఈ రెంటికీ యతి మైత్రి ఒప్పరు.

నాగావళి:

ఒప్పరు, నిజమే. ఈనాటి కవులు ఆ తేడా పాటించడం లేదు కాబట్టి ఇక్కడ నేను పట్టించుకోను. కావ్యం రాసేవాళ్లు మాత్రం పట్టించుకోవాలి.

గజపతినగరం:

నేను ‘ఆటగాఁడు’ అన్న మాటకే అర్థం మార్చాను.

పందెమాడు పేరు భారత జట్టుపై
నుండి చట్ట మొకటి నూకివైచె;
దేశనామ మొకటె తేటగా మిగులఁగా
నాటగాఁడె యోడె నంగి గెలిచె.

ఇక్కడ ఆటగాడంటే మైదానంలో ఉన్నవాడు కాదు, డబ్బు పెట్టి ఆడే ఆట నడిపినవాడు. 2023లో డ్రీమ్11 అనే ఆన్‌లైన్ డబ్బాట కంపెనీ మూడేళ్లకి 358 కోట్లతో మన క్రికెట్ జట్టు చొక్కా మీదికి వచ్చింది. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ డబ్బాటల్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది, ఆ పేరు దిగిపోయింది. సెప్టెంబరులో ఆసియా కప్పుకి మనవాళ్లు రొమ్ము మీద ఏ కంపెనీ పేరూ లేకుండా వెళ్లారు. ఉన్నది దేశం పేరొక్కటే. కప్పూ గెలిచారు. ఆ నెల రోజులూ ఆ నీలం చొక్కా చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

బొబ్బిలి:

అన్నయ్యా, అద్భుతం. ‘నూకివైచె’ దగ్గర మా అమ్మమ్మ గొంతు వినిపించింది. మనవాళ్లు తోసేయడాన్ని నూకేయడమనే అంటారు, అది పద్యంలో ఇంత హుందాగా కూర్చుంటుందనుకోలేదు.

అయితే ఒక మాట. ఆ ఖాళీ ఎన్నాళ్లుంది? అదే నెలలో అపోలో టైర్స్‌తో 2028 మార్చి దాకా 579 కోట్లకి ఒప్పందం అయిపోయింది. నా చిన్నప్పుడు ఆ చొక్కా మీద విల్స్ అని సిగరెట్ పేరుండేది. పదేళ్ల పిల్లలం, ఆ బొమ్మ పుస్తకాల్లో అచ్చం దించేవాళ్లం. తర్వాత సహారా, స్టార్, ఒప్పో, బైజూస్. అంగి గెలిచిందని మీరన్నది నెలరోజుల గెలుపు.

గజపతినగరం:

అవునమ్మా. ఆ ఒక్క నెల కోసమే ఈ పద్యం.

నాగావళి:

సమస్యాపూరణలో దీన్నే చమత్కారం అంటాం. మాట మారలేదు, మాటలోని మనిషి మారాడు. దే–తే యతి, పం–భా యతి రెండూ శుద్ధం. ఈ వారం ఇంతవరకూ ఇదే మేలైన పూరణ.

కోట వీధి (విజయనగరం):

మాస్టారూ, కంపెనీలు రాకముందు కూడా డబ్బు చొక్కా తొడిగింది. మా ఊరి కథే రాశాను.

రాజు కోటు తొడిగె రాజ్యంపు ధనముతో
నమరనాథు నింటి కంపె నపుడు;
ఆంగ్లదేశ యాత్ర యది నేఁడు తలఁపఁగా
నాటగాఁడె యోడె నంగి గెలిచె.

1936లో మా విజయనగరం రాచకుటుంబపు విజ్జీ భారత క్రికెట్ కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లడం, టెస్టులు మొదలవకముందే లాలా అమర్‌నాథ్‌ని ఇంటికి పంపేయడం అందరికీ తెలిసిందే. ఆ మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి 33 పరుగులు. ఆట తెలిసినవాడు ఓడ ఎక్కాడు, కెప్టెన్ కోటు మిగిలింది.

నాగావళి:

రెండో పాదం చదివి లేచి నిలబడ్డాను. ‘ఇంటికి అంపె’ అన్నది ‘ఇంటి కంపె’ అయి, అకారానికి అకారం యతిగా ఎంత సహజంగా పడిందో! కాని మొదటి పాదంలో రెండు తప్పులున్నాయి, ఛందస్సువి కావు, చరిత్రవి. విజ్జీ రాజు కాదు, రాజకుమారుడు. రాజ్యం ఆయన చేతిలో లేదు, కాబట్టి ‘రాజ్యంపు ధనము’ కుదరదు. ఇలా మార్చి చూడండి:

కోటు రాచబిడ్డ కొని వేసె ధనముతో
నమరనాథు నింటి కంపె నపుడు;

కోట వీధి (విజయనగరం):

‘కొని వేసె’! నేను చెప్పాలనుకున్నది ఆ రెండు మాటల్లోనే ఉంది. అలాగే ఉంచుతాను, ధన్యుణ్ణి.

చీపురుపల్లి:

విజ్జీ గారి మీద పద్యం కాస్త కఠినం. 1930–31లో ఇంగ్లండ్ బ్యాటర్లు హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ పిలిపించి తన జట్టులో ఆడించినవాడు ఆయనే. మనవాళ్లకి పెద్ద బ్యాటర్ల పక్కన నిలబడే అవకాశం ఆ డబ్బుతోనే దొరికింది.

కోట వీధి (విజయనగరం):

ఒప్పుకుంటాను. పోషించినంతసేపు నాకు అభ్యంతరం లేదు. పోషించినవాడే కోటు తొడుక్కుని, ఆడేవాణ్ణి ఇంటికి పంపినప్పుడే ఈ సమస్య పుడుతుంది. జర్మనీలో 1973లో జరిగిందీ అదే. బ్రౌన్‌ష్వైగ్ ఫుట్‌బాల్ జట్టుకి సింహం గుర్తు ఉండేది. చొక్కా మీద ప్రకటన కూడదని నిబంధన ఉంటే, యేగర్‌మైస్టర్ అనే మద్యం కంపెనీ దుప్పి తలనే జట్టు గుర్తుగా మార్చేశారు. ఊరి సింహం పోయి సీసా మీది దుప్పి వచ్చింది. మన పైడితల్లి జాతరలో ఊరేగే సిరిమానుకి ఎవరైనా తమ దుకాణం బోర్డు కడతానంటే ఊరు ఊరుకుంటుందా?

ఇచ్ఛాపురం:

అందరూ చెడ్డ పేర్ల గురించే రాస్తున్నారు. నేను ఒక మంచి పేరు రాశాను.

డబ్బుఁ దాను గొనక డబ్బిచ్చి వేసెను
బాలసేవ పేరు బార్సిలోన;
పోరు నోడ నేమి? పుడమియే పొగడఁగా
నాటగాఁడె యోడె నంగి గెలిచె.

బార్సిలోనా ఫుట్‌బాల్ జట్టు 2006 దాకా చొక్కా అమ్మలేదు. ఆ ఏడు పిల్లల కోసం పనిచేసే యూనిసెఫ్ పేరు వేసుకుని, తిరిగి తనే ఏటా 15 లక్షల యూరోలు ఇచ్చింది.

గజపతినగరం:

రెండో పాదం ముత్యం. ‘బార్సిలోన’ మనకి లోన విభక్తిలా వినిపిస్తూనే ఊరి పేరుగా నిలిచింది. మూడో పాదంతోనే పేచీ. ఆ చొక్కాతో వాళ్లు 2009లోనూ 2011లోనూ ఐరోపా క్లబ్బుల కప్పు గెలిచారు. ‘ఓడనేమి’ అనడానికి ఓటమి ఏది? పూరణ అందంగా ఉన్నా సమస్యకి అన్వయం పలచబడింది.

ఇచ్ఛాపురం:

నిజమే, పద్యం ఊపులో ఆ లెక్క చూసుకోలేదు. 2011లో ఖతార్ ఫౌండేషన్ డబ్బు తీసుకుని, పిల్లల పేరుని వెనక కిందికి జరిపారు. ఓటమి అక్కడుంది. మళ్లీ రాస్తాను.

మాది సరిహద్దు కాబట్టి ఇంకొకటి. ఊరు దాటితే ఒడిశా. 2018 నుంచి భారత హాకీ జట్టు రొమ్ము మీద ‘ఒడిశా’ అని ఉంటుంది. కంపెనీ కాదు, ఒక రాష్ట్రం. అటువైపు చుట్టాలు ఆ చొక్కా చూసి ఎంత పొంగిపోతారో మేం ఇక్కణ్ణించి చూస్తుంటాం.

నెల్లిమర్ల:

నేను బరువులెత్తేవాళ్ల ఊరు కొండవెలగాడ పక్కదాన్ని. కొన్నేళ్లు బరువులెత్తాను. పద్యం కొత్త, తప్పులుంటే చెప్పండి.

సిడ్నిలోన బరువు శిరసుపై నెత్తెను
మల్లి; యెదను లేదు మఱొక పేరు;
అచట నెవఁడు పలుకు నయ్య! యీ రీతిగా
“నాటగాఁడె యోడె నంగి గెలిచె”.

ఒలింపిక్స్‌లో దుస్తుల మీద ప్రకటనలు కూడవు, కుట్టిన కంపెనీ చిన్న గుర్తు తప్ప. 2000 సెప్టెంబరులో మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో రెండు పద్ధతుల్లో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చినప్పుడు ఆమె మీద ఉన్నది దేశం పేరే.

నాగావళి:

అమ్మా, కొత్త అన్నారు గాని సి–శి యతి చూస్తే చేయి తిరిగినట్టుంది. సమస్యని ఒప్పుకోకుండా, ‘అక్కడ ఈ మాట ఎవడంటాడు’ అని ఎదురు తిప్పడం పాత అవధానుల దారి. మల్లీశ్వరి ఆటగాడు కాదు, ఆటగత్తె. ఆ మాట ఆమెకి అంటకుండా ఉండటమే ఇక్కడ అందం.

నెల్లిమర్ల:

సంతోషం మాస్టారూ. కాని ఒకటి చెప్పాలి. ఇక్కడ అందరూ ప్రకటన పేరెత్తితే కోపంగా ఉన్నారు. నేను ఎత్తే రోజుల్లో గుడ్లకీ పాలకీ డబ్బుల్లేవు. బూట్లు కొనిస్తానంటే ఏ పేరైనా రొమ్ము మీద వేసుకునేదాన్ని. ఎవరూ అడగలేదు. మైదానం ఆటలకి, టీవీలో కనబడే ఆటలకి పేర్లు పోటీ పడతాయి, గదిలో బరువులెత్తే పిల్ల దగ్గరికి ఎవరొస్తారు? చొక్కా ఖాళీగా ఉండటం అన్నిసార్లూ గౌరవం కాదు, చాలాసార్లు అది ఒంటరితనం.

నాగావళి:

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదమ్మా. రాత్రంతా ఆలోచిస్తాను.

పొందూరు (డిగ్రీ రెండో ఏడు):

అందరికీ దండాలు. మాది కబడ్డీ జట్టు. ఇది మాకు జరిగింది.

ఊరి పేరు చెరిపి యొంటిపై పేరుంచి
ఫొటొలు తీసుకొనిరి పోటి ముగియ;
అంగి విప్పి మాకు తిరిగివ్వ మన్నారు
ఆటగాఁడె యోడె నంగి గెలిచె.

పోయిన సంక్రాంతి పోటీలకి ఒక దుకాణం వాళ్లు చొక్కాలిచ్చారు. మా అమ్మ కుట్టిన ఊరి పేరు మీద వాళ్ల స్టిక్కరు వేశారు. ఫైనల్లో ఓడిపోయాం. ఫొటోలయ్యాక చొక్కాలు విప్పి ఇచ్చేయమన్నారు, పక్క ఊళ్లో ఇంకో జట్టుకి కావాలట. బనీన్లతో ఆటో ఎక్కాం.

నాగావళి:

బాబూ, ముందు పద్యం సంగతి. మొదటి పాదంలో ఊ–ఒ మైత్రి చక్కగా ఉంది. మూడో పాదంలో గణాలు సరిపోయాయి, యతి పోయింది: ‘అంగి’కి ‘తిరి’ ఎలా కుదురుతుంది? పైగా ‘మన్నారు’ తర్వాత ‘ఆటగాఁడె’ అంటే సంధి చేయకుండా ఆగిపోయినట్టుంది. ఇలా అను:

అంగి విప్పుఁ డనిరి యంతలో నవ్వుచు
నాటగాఁడె యోడె నంగి గెలిచె.

‘నవ్వుచున్’ ద్రుతం కాబట్టి ‘నాటగాఁడె’ తిన్నగా అతుకుతుంది.

పొందూరు (డిగ్రీ రెండో ఏడు):

వాళ్లు నిజంగానే నవ్వారండి. మీకెలా తెలిసింది?

బొబ్బిలి:

తమ్ముడూ, మీ ఊళ్లో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, దేశమంతా మెచ్చే ఖద్దరు నేస్తారు. నేసినవాళ్ల పేరు ఏ పంచె మీదా ఉండదు. అలాంటి ఊరి పిల్లల ఒంటి మీద బట్ట లాక్కున్నారంటే నాకు ఏడుపొచ్చింది.

కోట వీధి (విజయనగరం):

ఈసారి సంక్రాంతికి చొక్కాల సంగతి మనం చూద్దాం. ప్రపంచ కప్పుల్లో క్రికెట్ జట్లు ఎలా వేసుకుంటాయో చూశారు కదా, రొమ్ము మీద దేశం పేరు, సొమ్మిచ్చినవాడు చేతి మీదికి. ఒక దాతని నేను అడుగుతాను. ఇష్టమైతే భుజం మీద వేసుకుంటారు.

నెల్లిమర్ల:

ఆ లెక్కయితే నాకూ సమ్మతమే. మా బరువుల గది పిల్లలకి కూడా అడగండి అన్నయ్యా, మరిచిపోకండి.

పొందూరు (డిగ్రీ రెండో ఏడు), సంక్రాంతి తర్వాత:

మాస్టారూ, చొక్కాలు వచ్చాయి, పోటీ అయింది. సెమీస్‌లో రెండు పాయింట్ల తేడాతో పోయాం.

ఊరి పేరు ఱొమ్ము నొరుల పేరు భుజాన
నంగి వచ్చె మాకు నందముగను;
కూత విడిచి మేము గుండె నిండఁగ నవ్వ
నాటగాఁడె యోడె నంగి గెలిచె.

నాగావళి:

మూడో పాదంలో యతి సరిపోయింది బాబూ.