చెస్ రేటింగ్ 1200 దగ్గర ఆగిపోయినవాడు ఓపెనింగులు చదవాలా, ఎండ్‌గేమా?

బంటు_బాబు: ఆన్‌లైన్ ర్యాపిడ్‌లో నా రేటింగ్ 1200 దాటి పైకి పోవట్లేదు. సిసిలియన్ నజ్‌డార్ఫ్ అనే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) కోర్సు కొని రోజూ గంటసేపు చూస్తున్నా. మా క్లబ్బులో ఒక పెద్దాయనేమో అదంతా దండగ, ముందు ఎండ్‌గేమ్ (పావులు కొన్నే మిగిలిన చివరి ఆట) నేర్చుకో అంటున్నారు. నా ఆటలు అసలు అక్కడిదాకా వెళ్తే కదా?

గుంటూరు_గుర్రం: పెద్దాయన చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. పాత ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా అంతటివాడే ముందు ఎండ్‌గేమ్ అన్నాడు. నువ్వు నజ్‌డార్ఫ్‌లో ఇరవై ఎత్తులు బట్టీ పట్టి కూర్చుంటావు, అవతలివాడు మూడో ఎత్తుకే బిషప్‌ని బీ5 గడిలో పెట్టి చెక్ చెప్తాడు, ఇంక నజ్‌డార్ఫ్ ఎక్కడిది? అదే ఫిలిడోర్ పొజిషన్ చూడు. అవతలివాడికి ఏనుగు, బంటు, నీకు ఒట్టి ఏనుగు. నీ రాజు బంటుకి ఎదురుగా ఉండాలి, నీ ఏనుగు నీ వైపు నుంచి మూడో వరసలో కూర్చుని వాళ్ల రాజుని ముందుకు రానివ్వకూడదు. బంటు ఆ వరసలోకి అడుగుపెట్టగానే ఏనుగుని అవతలి చివరికి లాగి వెనకనుంచి చెక్కులు ఇస్తూ పో, రాజుకి దాక్కునే చోటుండదు, డ్రా. ఒక్క సాయంత్రం చాలు, జీవితాంతం పనికొస్తుంది.

కాజీపేట_చెక్: అన్నా, వినడానికి బాగుంది గానీ 1200లో ఏనుగు ఎండ్‌గేమ్ దాకా బతికేదెవరు? సగం ఆటలు గుర్రం ఫోర్క్ (ఒకేసారి రెండు పావుల మీద దాడి) కనబడకే పోతాయి. రోజూ పజిల్స్ చేయాలి, అదీ జవాబు మొత్తం మనసులో చూసుకున్నాకే పావు కదపాలి, ఊరికే ఊహించి నొక్కితే ఏం లాభం లేదు. 3 నిమిషాల బ్లిట్జ్ మానేసి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు అదనంగా పెట్టుకో.

బంటు_బాబు: మరి మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2800 దాటింది ఓపెనింగులు లేకుండానేనా?

గుంటూరు_గుర్రం: ఆయన లెక్క వేరు, మన లెక్క వేరు. 2024లో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ గేమ్ గుర్తుందా? అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగుని ఎఫ్2లో పెట్టి తప్పు చేశాడు, గుకేశ్ ఏనుగులు మార్చేసి, బిషప్‌లూ మార్చుకుని ఒట్టి బంట్ల ఆటలోకి లాగేశాడు. టైటిల్ అక్కడే చేతులు మారింది.

కాజీపేట_చెక్: అది తెలియక చేసిన తప్పు కాదన్నా, టెన్షన్. బంట్ల ఆట ఎలా పోతుందో డింగ్‌కి మనం చెప్పాలా? గుకేశ్ సంగతే తీస్తే నేను ఇంకోటి చెప్తా. కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం అతన్ని ఇంజిన్ (ఎత్తులు లెక్కేసే కంప్యూటర్ ప్రోగ్రాం) జోలికి పోనివ్వలేదు, సొంత బుర్రతోనే లెక్క వేయించాడు. మనమేమో ఆట అవగానే ఇంజిన్ ఆన్ చేసి, ఎర్ర గుర్తులు చూసి "ఓహో" అనుకుని ఇంకో ఆట మొదలెడతాం. బాబూ, ఈమధ్య ఓడిన ఆట ఒకటి ఇంజిన్ పెట్టకుండా ఇక్కడ పోస్ట్ చెయ్యి, ఏ ఎత్తు దగ్గర ఏం ఆలోచించావో కూడా రాయి. ఫిలిడోర్ దాకా వెళ్లిందో, పదిహేనో ఎత్తుకే మంత్రి పోయిందో అందరం చూస్తాం.

గుంటూరు_గుర్రం: పెట్టు, పెట్టు. ఎండ్‌గేమ్ దాకా వచ్చి ఉంటే మాత్రం కాజీపేట తమ్ముడు ఒప్పుకోవాలి.